మోటరుకి మీటరు లేదు, మరి యూనిట్ ఖరీదు ఎలా కట్టారు?

నేను రాసే కోడ్ చేసే పని కరెంటు బిల్లులు వెయ్యడం. మా క్లయింటు అమెరికాలో ఒక మోస్తరు కరెంటు కంపెనీ (పేరు వద్దు లెండి). మీటర్లోంచి పదిహేను నిమిషాలకో రీడింగు వస్తుంది, మా ఇంజను దానికి రేటు తగిలించి బిల్లు చేస్తుంది. ఆ రేటు ఎక్కణ్ణించి వచ్చిందో మాకనవసరం. కాన్ఫిగ్ టేబుల్లో ఉంటుంది, తీసుకోవడమే. అయితే పోయినేడాది వాళ్ళు తమ కొత్త ఉద్యోగులకిచ్చే శిక్షణలో మా టీముని కూడా కూర్చోబెట్టారు. శిక్షణ పేరు 'కాస్ట్ ఆఫ్ సర్వీస్ స్టడీస్ అండ్ రేట్ డిజైన్'. ఐదు రోజులు, మనకి రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా.

మొదటిరోజే సగం మంది కెమెరాలు ఆపేసి పడుకున్నారు :) నాకు మాత్రం మూడోరోజు నుంచి నిద్ర పట్టడం మానేసింది. కారణం మా ఊరు. మాది కడప జిల్లా, పులివెందుల దగ్గర వేముల మండలం, తుమ్మలపల్లెకి పక్కనే. యురేనియం గని వల్ల పేపర్లకెక్కిన తుమ్మలపల్లె అదే. అక్కడ మా చిన్నాయనకి అరటితోట ఉంది, బోరుంది, ఐదు హార్స్‌పవర్ మోటరుంది. మీటరు లేదు. శిక్షణ ఇచ్చిన పెద్దాయన ఎంతసేపూ చెప్పిందొకటే, కొలవనిదాన్ని పంచలేం అని. మరి మన రాష్ట్రంలో పాతికేళ్ళుగా ఏటా టారిఫ్ ఆర్డర్లు వస్తున్నాయి కదా, వాటిలో వ్యవసాయానికి యూనిట్‌కి ఇంత ఖర్చవుతోందని అంకె వేస్తున్నారు కదా, అదెలా?

ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే చాలా దూరం తీసుకెళ్ళింది. టపా కాస్త పొడుగు, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఆ లెక్కేంటో చెప్పాలి. పెళ్ళి భోజనాలు తీసుకోండి. గుండిగలు, షామియానా, బల్లలు అద్దెకి తెస్తాం. అవి ఎన్ని కావాలన్నది ఒకే బంతిలో ఎంతమంది కూర్చుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. బియ్యం, నూనె, కూరగాయలు మొత్తం ఎంతమంది తిన్నారన్నదాన్ని బట్టి. శుభలేఖ, అది ఇచ్చి రావడానికి పెట్రోలు మాత్రం ఇంటికింతని. ఆ ఇంట్లోంచి ఒక్కరొచ్చినా పదిమందొచ్చినా మారదు. కరెంటు ఖర్చులు కూడా ఈ మూడు రకాలే. అందరూ ఒకేసారి స్విచ్చేస్తే తట్టుకోవడానికి కట్టిపెట్టిన ప్లాంట్లు, తీగలు, సబ్‌స్టేషన్లు మొదటి రకం, దాన్ని డిమాండ్ అంటారు. కాలిన బొగ్గు రెండోది, ఎనర్జీ. మీటరు, బిల్లు, సర్వీసు వైరు మూడోది, కస్టమర్.

కంపెనీ ఏడాదికి మొత్తం ఎంత రాబట్టుకోవాలో ముందు తేలుస్తారు. దాన్ని ఉత్పత్తి, ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్ అని విడగొడతారు. ఒక్కోదాన్నీ పై మూడు రకాల్లోకి చీలుస్తారు. ఆఖర్న ఇళ్ళు, షాపులు, ఫ్యాక్టరీలు, మోటర్లు అని వర్గాలకి పంచుతారు. మన భాషలో చెప్పాలంటే రెండు గ్రూప్ బైలు, ఒక జాయిన్. గొడవంతా ఆ జాయిన్‌లోనే. అందరూ వాడుకునే సబ్‌స్టేషన్ ఖర్చుని ఏ కీ మీద పంచాలి? రాష్ట్రం మొత్తం వాడకం గరిష్ఠంగా ఉన్న గంటలో ఎవరి వాటా ఎంతో చూసా? ఏడాది మొత్తం యూనిట్లు చూసా? ఒక్కో వర్గం తన సొంత గరిష్ఠం చూసా? కీ మారిస్తే కోట్లు ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి మారతాయి. అమెరికా కమిషన్ల సంఘం 1992లో వేసిన మాన్యువల్లో ఇలాంటి పద్ధతులు వరసగా ఉంటాయి. ఇదొక్కటే కరెక్టు అని మాత్రం అందులో ఎక్కడా ఉండదు. నాలాంటి ఇంజనీరుకి మింగుడు పడనిది అదే. అంకెలన్నీ సరిపోయాక కూడా జవాబు ఒకటి కాదు.

ఈ లెక్క ఈనాటిది కాదు. 1892లో జాన్ హాప్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కరెంటు సరఫరా ఖర్చు మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అప్పటికి కరెంటంటే లైట్లే. ఆయన చెప్పింది సూటిగా ఇది: మీరు లైటు వేసినా వెయ్యకపోయినా, మీరు ఎప్పుడేస్తారా అని యంత్రం సిద్ధంగా ఉండాలి, ఆ సిద్ధంగా ఉండటానికే ఎక్కువ ఖర్చు. కాబట్టి సిద్ధంగా ఉన్నందుకు కొంత, వాడినందుకు కొంత, రెండు భాగాలుగా బిల్లు వెయ్యాలి. ఇప్పుడు మన బిల్లులో కనబడే ఫిక్స్‌డ్ ఛార్జీకి మూలపురుషుడు ఈయనే. (1898లో ఆల్ప్స్ కొండలెక్కుతూ ముగ్గురు పిల్లలతో సహా పడి చనిపోయాడు, పాపం.) తర్వాత బ్రైటన్ ఊళ్ళో ఆర్థర్ రైట్ అనే ఆయన ఒక వినియోగదారుడు గరిష్ఠంగా ఎంత లాగాడో చూపించే మీటరు తయారుచేశాడు. 1894లో ఎడిసన్ దగ్గర పనిచేసి వచ్చిన శామ్యూల్ ఇన్సల్ ఆ ఊరెళ్ళి చూశాడు, ఆ కిటుకు షికాగో తీసుకెళ్ళి వ్యాపారాన్ని ఎక్కడికో తీసుకుపోయాడు. 1900లో హెన్రీ డోహర్టీ ఇంటికింత అనే మూడో భాగం కలిపాడు. 1961లో బాన్‌బ్రైట్ రాసిన పుస్తకం ఇప్పటికీ ఈ శిక్షణల్లో పారాయణ గ్రంథం.

ఒక్కటి గమనించండి. ఈ కథ మొత్తం ఒక మీటరు చుట్టూ తిరుగుతోంది. రైట్ మీటరు లేకపోతే హాప్కిన్సన్ సిద్ధాంతం కాగితం మీదే ఉండిపోయేది. మన దగ్గర ఏమైందంటే, ఉన్న మీటరుని మనమే తీసేశాం.

ఏపీఎస్ఈబీ, అంటే పాత విద్యుత్ బోర్డు, 1959లో ఏర్పడింది. మొదట్లో పొలాల్లో మోటర్లకి కూడా మీటర్లుండేవి. మోటర్లు పెరిగేకొద్దీ ఆ రీడింగు తియ్యడం పెద్ద తలనొప్పయింది. ఒక్కో మోటరు ఒక్కో మూల, మనిషి పొలాల గట్ల మీద నడిచి వెళ్ళాలి, వెళ్ళినా వచ్చే డబ్బు తక్కువ, మధ్యలో చేతులు తడపడం ఒకటి. దాంతో 1980ల మొదట్లోకి వచ్చేసరికి కొలత పోయి హార్స్‌పవర్‌కి ఇంత అనే పద్ధతి స్థిరపడింది. ఎన్టీఆర్ వచ్చాక హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలన్న మాట ఊరూరా మారుమోగింది. మా అబ్బ (తాతయ్య అని చదువుకోండి) ఆ రేటు గురించి ఇప్పటికీ నిన్న మొన్నటిదిలా చెప్తాడు.

రైతుకది మేలు చేసింది, అందులో అనుమానం లేదు. కాలవల్లేని రాయలసీమలో నీళ్ళన్నీ భూమిలోంచి పైకి లాగాల్సిందే. డెల్టా రైతుకి నీళ్ళు ప్రభుత్వ కాలవలో గట్టు దాకా వస్తే, సీమ రైతు సొంత డబ్బుతో బోరు వేసుకుని, అది ఎండితే ఇంకోటి వేసుకుని, వాటి మీద కరెంటు కూడా కొనుక్కోవాలి. ఈ వాదన నేను కాలేజీలో కృష్ణా జిల్లా రూమ్మేటుతో నాలుగేళ్ళు చేశాను, ఇప్పటికీ వాపసు తీసుకోను. కానీ ఆ సబ్సిడీని ఇచ్చిన పద్ధతి ఉంది చూశారూ, అది ఒక కొలతని మింగేసింది. రేటు హార్స్‌పవర్‌ని బట్టి కాబట్టి మోటరు మీద రేకు అబద్ధం చెప్పడం నేర్చుకుంది. రేకు మీద మూడు హార్స్‌పవర్, లోపల చుట్టిన తీగ ఐదుకి. రివైండింగ్ షాపుల్లో ఇది రహస్యమేమీ కాదు. బిల్లు లెక్క తప్పడమే కాదు, ఆ హార్స్‌పవర్ల మొత్తాన్ని పట్టుకునే రాష్ట్రం మొత్తం వ్యవసాయ వాడకాన్ని అంచనా వేశారు కాబట్టి ఆ లెక్క కూడా తప్పింది.

ఇక్కడే అసలు మలుపు. బోర్డు ఇంత కరెంటు ఉత్పత్తి చేసింది, మీటర్ల మీద ఇంత అమ్మింది. మధ్యలో మాయమైనదేంటి? కొంత తీగల్లో వేడైపోయింది, కొంత దొంగతనం, కొంత వ్యవసాయం. మూడింట్లో ఒక్కటీ కొలిచింది కాదు. కాబట్టి వ్యవసాయం ఎక్కువని రాస్తే నష్టాలు తక్కువ కనబడతాయి, బోర్డు సమర్థంగా ఉన్నట్టు లెక్క. 1990ల చివర్లో సంస్కరణల కోసం వ్యవసాయ అంచనా తగ్గించి రాసేసరికి ట్రాన్స్‌మిషన్ నష్టాలు ఒక్కసారిగా పెరిగాయి. తీగలు రాత్రికి రాత్రి పాడైపోయాయా? లేదు, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి అంకె జరిగింది. అప్పటిదాకా ఏళ్ళ తరబడి ఎవరి దొంగతనమో, ఎవరి చేతకానితనమో రైతు ఖాతాలో పడుతూ వచ్చిందన్నమాట. నేను చదివిన మొత్తంలో నన్ను బాగా కుదిపేసిన విషయం ఇదే.

సంస్కరణలంటే ఏవో చెప్పాలి. 1995లో హితేన్ భయా కమిటీ బోర్డుని విడగొట్టమంది. 1998లో చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది, అదే నెలలో ప్రపంచబ్యాంకు 210 మిలియన్ డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ ఏడాదే జి.పి. రావు అధ్యక్షుడిగా విద్యుత్ నియంత్రణ కమిషన్ మొదలైంది. 2000 ఏప్రిల్లో నాలుగు డిస్కంలు పుట్టాయి, మన కడప జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం కిందికొచ్చింది. ఆ కమిషన్ మొదటి నుంచీ వర్గాల వారీగా ఖర్చు లెక్క కట్టే పద్ధతి పట్టుకుంది. చాలా రాష్ట్రాలు రాష్ట్రం మొత్తానికి ఒకే సగటు ఖర్చుతో సరిపెట్టుకుంటే మనవాళ్ళు నేను చెప్పిన ఆ గ్రూప్ బైలు, జాయిన్‌లు అన్నీ చేశారు. ఇందులో మనవాళ్ళని మెచ్చుకోవాల్సిందే.

కానీ జనానికి ఆ లెక్క అర్థమయ్యేలా చెప్పినవాళ్ళెవరు? 2000 మే చివర్లో మొదటి టారిఫ్ ఆర్డరు వచ్చింది. రేట్లు పెరిగాయి, ముఖ్యంగా ఇళ్ళకి. వేసవి, వానాకాలం అంతా రాష్ట్రం అట్టుడికింది. ఆగస్టు 28న వామపక్షాలు, ఇతర పార్టీలు ఛలో అసెంబ్లీ అంటే బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్చారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. అప్పటికి నేను చంటిపిల్లాణ్ణి, నాకు తెలిసిందంతా చదివి తెలుసుకున్నదే. ఒక జాయిన్ కండిషన్ మీద మనుషులు చనిపోవడం అనేది నాకు అమెరికా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

కమిషన్ అధికారులకి శిక్షణలున్నాయి. ప్రపంచబ్యాంకు, బ్రిటన్ సాయంతో సలహాదారులొచ్చారు. దేశంలోని కమిషన్ల సిబ్బందికి ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల కోర్సులు నడిచాయి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ దశాబ్దాలుగా ఇలాంటి వేసవి బడి నడుపుతోంది. డిస్కంల తరఫున కన్సల్టెంట్లు ఎలాగూ ఉంటారు. ఈ లెక్క ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళకి మాత్రం బడి లేదు.

అయితే చట్టంలో ఒక కిటికీ ఉంది. డిస్కంలు నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది లెక్కలు దాఖలు చెయ్యాలి, కమిషన్ వాటిని బయటపెట్టి ఎవరైనా సరే అభ్యంతరం రాయొచ్చనాలి, బహిరంగ విచారణ పెట్టాలి. ఆ విచారణలే బడి అయ్యాయి. ఎం. వేణుగోపాలరావు అనే సీనియర్ జర్నలిస్టు, ఎం. తిమ్మారెడ్డి అనే ఆయన, రైతు సంఘాలవాళ్ళు, చిన్న పరిశ్రమలవాళ్ళు ఏడాది తర్వాత ఏడాది ఆ వందల పేజీలు చదివి, ప్రశ్నలు రాసి, నిలబడి అడుగుతూ వచ్చారు. టారిఫ్ ఆర్డరు తెరిస్తే అభ్యంతరం, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం అని మూడూ వరసగా ఉంటాయి. కోడ్ రివ్యూ కామెంట్లలా చదువుకుంటూ పోవచ్చు. నిజం చెప్పొద్దూ, నా ఐదు రోజుల శిక్షణ కంటే వాటిలో నేర్చుకున్నదే ఎక్కువ.

అక్కడ జరిగిన వాదనల్లో అన్నిటికంటే పదునైనది ఇది. మోటర్లకి రోజంతా కరెంటివ్వరు. అప్పట్లో ఏడు గంటలిచ్చేవాళ్ళు, అదీ ఊళ్ళని గ్రూపులుగా చేసి, కొంత పగలు, కొంత నడిరాత్రి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, అంటే రాష్ట్రం మొత్తం ఇళ్ళల్లో లైట్లు, టీవీలు వేసుకునే వేళకి మోటర్లు ఆపేసేవాళ్ళు. పెళ్ళి లెక్కలో చెప్పాలంటే రైతుని ఎప్పుడూ ఆఖరి బంతిలో కూర్చోబెట్టేవాళ్ళు. మరి మొదటి బంతి కోసం తెచ్చిన గుండిగల అద్దె అతని మీద ఎందుకు వెయ్యాలి? గరిష్ఠ గంటలో వాటా చూసి పంచితే వ్యవసాయం ఖర్చు సగటు కంటే తగ్గాలి. పాముల మధ్య రాత్రి రెండింటికి చేలోకెళ్ళి స్టార్టరు నొక్కే మనిషికి అందే సరుకు, మన ఏసీకి అందే సరుకు ఒకటే రకం కాదు కదా.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాన్నీ దాచకూడదు. రాత్రిపూట వెళ్ళలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. కెపాసిటర్లుండవు. ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంటుంది. రాష్ట్రం స్థాయిలో చూస్తే వ్యవసాయం గరిష్ఠ గంటలో లేదు, కానీ ఊరి స్థాయిలో గరిష్ఠ గంటని పుట్టించేదే అది. అందుకే ఉత్పత్తి ఖర్చుని ఒక కీ మీద, ఊరి తీగల ఖర్చుని ఇంకో కీ మీద పంచాలంటారు. 2011లో ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా టాటా స్టీల్ కేసులో వోల్టేజి స్థాయిని బట్టి ఖర్చు లెక్కించమని చెప్పింది. ఈ వాదనలో ఎవరు గెలిచారంటే, కొలత లేదు కాబట్టి ఎవరూ గెలవలేరు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి నమూనాగా మీటర్లు పెట్టి, హార్స్‌పవర్‌కి సగటు తీసి, మొత్తానికి హెచ్చవేస్తారు. పద్ధతి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళదే, పద్ధతిలో తప్పులేదు. కానీ హెచ్చవేసేది మాత్రం ఆ అబద్ధం చెప్పే రేకుల్ని.

ఇక 2004. ఆ ఏడాది మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రాజశేఖరరెడ్డి మొదటి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టాడు. ఆయన పుట్టింది జమ్మలమడుగులో, 1978లో మొదటిసారి గెలిచింది పులివెందులలో, అంటే మా వాళ్ళకి అది ఇంటి సంగతి. మా ఊళ్ళో ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంటుంది, కారణం అడగనక్కర్లేదు. పాత బకాయిలు కూడా రద్దయ్యాయి. ఉచితం అందరికీ అనుకుంటారు గానీ షరతులున్నాయి: ఆదాయపన్ను కట్టేవాళ్ళకీ, కార్పొరేట్ రైతులకీ లేదు, మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్టకి మూడు కనెక్షన్లు దాటితే లేదు, కెపాసిటరు, మంచి ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ పంపు ఉండాలి. కాగితం మీద చూస్తే చక్కటి రేట్ డిజైన్. అమలు ఎలా జరిగిందో మీరూ చూశారు.

అంతకు ముందు ఏడాదే కేంద్రం తెచ్చిన 2003 విద్యుత్ చట్టంలో 65వ సెక్షన్ ఒకటుంది. ఏ వర్గానికైనా రాష్ట్ర ప్రభుత్వం తక్కువకి ఇవ్వాలనుకుంటే ఆ తేడా డబ్బు డిస్కంకి ముందే కట్టాలి. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన వాక్యం ఇదే. సబ్సిడీ ఇవ్వొద్దనదు. ఎంతో చెప్పు, కట్టు, అంటుంది. కానీ ఎన్ని యూనిట్లో తెలియనప్పుడు తేడా ఎంత? ప్రభుత్వం తక్కువంటుంది, డిస్కం ఎక్కువంటుంది, కమిషన్ మధ్యలో ఒక అంకె వేస్తుంది. మిగిలింది అప్పు.

మరి మన ఇంటి బిల్లు? ఖర్చు తెలిసినా అదే రేటుగా రాదు. 2022 ఏప్రిల్ నుంచి ఆంధ్రలో అమలుకొచ్చిన స్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. 225 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 1,017 రూపాయలు, సగటున యూనిట్‌కి 4.52. 400 కాలిస్తే 2,548, సగటు 6.37. మీ ఇంటికీ పక్కింటికీ ఒకే తీగ, ఒకే ట్రాన్స్‌ఫార్మరు. ఖర్చులో ఇంత తేడా ఉండదు, ఇది ఖర్చు కాదు, తీర్మానం. ఏసీ ఉన్నవాళ్ళు ఫ్యానున్నవాళ్ళకి కొంత కట్టాలనే తీర్మానం. నాకు దానితో పేచీ లేదు, కానీ దాన్ని తీర్మానం అని పిలవాలి. ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగులో "మన డబ్బులన్నీ రైతులకి పోతున్నాయి" అనే సార్లకి ఇంకోమాట. ఇళ్ళల్లో కూడా కింది స్లాబులకి ఖర్చు కంటే తక్కువకే ఇస్తున్నారు. 400 యూనిట్లు కాల్చే మీరు కూడా మొదటి 30 యూనిట్లు 1.90కే తీసుకుంటున్నారు.

ఇప్పుడు తమాషా ఏంటంటే, పాతికేళ్ళ కిందట కట్టిన లెక్కలు గడియారం వల్ల తిరగబడ్డాయి. అప్పట్లో పగలు కరెంటు ఖరీదు, రాత్రి చవక. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ బొగ్గు ప్లాంటు రాత్రి ఆపలేరు కాబట్టి మిగిలిన కరెంటు మోటర్లకి తోసేవాళ్ళు. తర్వాత సోలార్ వచ్చింది. జమ్మలమడుగు పక్కన మైలవరంలో సోలార్ పార్కు కోసం 2017 ఏప్రిల్లో జరిగిన వేలంలో యూనిట్ 3.15కి పడింది, అప్పటికి దేశంలో అదే రికార్డు. 2021 డిసెంబరులో వ్యవసాయం కోసమని రాష్ట్రం కుదుర్చుకున్న 7,000 మెగావాట్ల ఒప్పందంలో 2.49 అని రాశారు (ఆ ఒప్పందం మీద తర్వాత వచ్చిన వివాదాలు వేరే టపాకి సరిపడా ఉన్నాయి). మోటర్లకి పగటిపూట తొమ్మిది గంటలిచ్చే పద్ధతి కూడా వచ్చింది. అంటే ఎండ కాసే వేళే మోటరు తిరుగుతుంది, ఎండకే కరెంటు పుడుతుంది. ఇప్పుడు ఖరీదైన గంటలు సాయంత్రానివి, అవి మన ఇళ్ళవి. గంట గంటకీ ఖర్చు లెక్కేస్తే వ్యవసాయం అందరూ తిట్టినంత భారం కాకపోవచ్చు. ఆ మాట నిరూపించాలంటే మళ్ళీ అదే కావాలి, కొలత.

2020లో శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా మోటర్లకి మీటర్లు పెట్టడం మొదలుపెట్టారు. రాష్ట్రమంతా దాదాపు 18 లక్షల కనెక్షన్లకీ పెడతామన్నారు, డబ్బు రైతు ఖాతాలో వేసి అక్కణ్ణించి డిస్కంకి కట్టిస్తామన్నారు. ప్రతిపక్షాలు, రైతు సంఘాలు మెడకి ఉరితాడన్నారు. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఈ సంగతి మా చిన్నాయన దగ్గర ఎత్తాను.

"ఒరేయ్ అబ్బీ, మీటరు పెడితే నీకేం నష్టం, ఫ్రీయే కదా అంటాండారు. ఫ్రీ అయితే మీటరెందుకు అని నేనడగతాండా."

"అది కాదు చిన్నాయనా, నువ్వు వాడనిది కూడా నీ పేరు మీద రాసుకుంటాండారు. ఎంత వాడినావో కొలిస్తే ఆ మాట పడవు."

"ఇన్నాళ్ళూ రాసుకున్న్యోళ్ళు రేపు మీటరు చూసి నిజం రాస్తారని యాడుంది?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేక కాదు, ఉంది, కానీ అది ఆయన నమ్మే జవాబు కాదు. గుజరాత్‌లో 2003 నుంచి 2006 మధ్య జ్యోతిగ్రామ్ పేరుతో ఊళ్ళకి వేరే ఫీడరు, పొలాలకి వేరే ఫీడరు వేశారు. మోటరు దగ్గర మీటరు పెట్టనక్కర్లేదు, పొలాల ఫీడరు మొదట్లో ఒకటి పెడితే ఆ తీగ మీద ఎంత పోయిందో తెలిసిపోతుంది. ఖర్చు పంచడానికి అది చాలు, మనిషి మీటరు బిల్లు వెయ్యడానికి కావాలి గానీ లెక్కకి అక్కర్లేదు. ఆంధ్రలో ఒకే ఫీడరు మీద ఇళ్ళు, మోటర్లు కలిపి నడపడం ఏళ్ళ తరబడి సాగింది. ఈ పని ముందు చేసి, పదేళ్ళ అంకెలు జనం ముందు పెట్టి, ఆ తర్వాత మోటరు దగ్గరికి వెళ్ళి ఉంటే మా చిన్నాయన అంత గట్టిగా అడిగేవాడు కాదేమో.

మా చిన్నాయన తోటకి కాస్త దూరంలోనే యురేనియం కర్మాగారం ఉంది. 2007లో శంకుస్థాపన, 2012లో మొదలైంది. రోజుకి 3,000 టన్నుల రాయి పిండి చేసే మిల్లు అది. హెచ్‌టీ కనెక్షన్, గరిష్ఠంగా ఎంత లాగిందో, పవర్ ఫాక్టరు ఎంతో, ఏ గంటలో ఎంతో అన్నీ మీటర్లో ఉంటాయి. హాప్కిన్సన్ చూస్తే ముచ్చటపడేవాడు. (దాని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళుగా గోడు పెట్టుకుంటున్నారు, ఆ ఖర్చు ఏ వర్గానికి పంచాలో ఏ మాన్యువల్లోనూ లేదు.) అక్కడ తీసిన సరుకు హైదరాబాదులో ఎన్‌ఎఫ్‌సీకి వెళ్ళి ఇంధనమవుతుంది, రియాక్టర్లలో కరెంటవుతుంది. ఆ కరెంటు రేటుని ఏ నియంత్రణ కమిషనూ నిర్ణయించదు. అది కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దానికి బహిరంగ విచారణ ఉండదు, అభ్యంతరాలు రాసే వీలుండదు, డిస్కం కొన్న రేటు వచ్చి మన లెక్కలో ఒక వరసగా కూర్చుంటుంది.

మిగతా వరసలకి మాత్రం విచారణ ఉంది. కమిషన్ ఆఫీసు హైదరాబాదు నుంచి 2023లో కర్నూలుకి మారింది. అభ్యంతరం తెలుగులో రాయొచ్చు. డిస్కం దాఖలు చేసే కాగితాల్లో 'కాస్ట్ ఆఫ్ సర్వీస్' అని ఒక అధ్యాయం ఉంటుంది, పెద్ద పెద్ద టేబుళ్ళు. చాలామంది అక్కడికొచ్చేసరికి పేజీలు తిప్పేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ షీట్లు, జాయిన్లు చూసే మనకి అది చదవడం వాళ్ళకున్నంత కష్టం కాదు. ఈసారి దక్షిణ డిస్కం దాఖలు వచ్చాక వ్యవసాయం వరసలో గరిష్ఠ గంట వాటా ఏ నెల, ఏ గంట అంకెలతో తీశారో, దానికి ఫీడరు రీడింగులు ఎన్ని వాడారో అడుగుతూ ఒక అభ్యంతరం రాద్దామనుకుంటున్నాను. డ్రాఫ్టు సగం అయింది. ఎవరికైనా ఈ పనిలో ఆసక్తి ఉంటే, ముఖ్యంగా సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులు చదవడం తెలిసినవాళ్ళు, ఒక కేక వెయ్యండి.